నలభై గ్యాలన్లకు రెండు గ్యాలన్ల కొసరు: తెలుగు బిజినెస్ డెస్కులకు ఒక బహిరంగ లేఖ

తెలుగు పత్రికలు, టీవీ చానళ్లు, వార్తా వెబ్‌సైట్ల బిజినెస్ డెస్కుల్లో పనిచేస్తున్న మిత్రులకు,

నమస్కారం.

ముడి చమురు ధర కాస్త కదిలితే చాలు, మీ దగ్గర వార్త తయారవుతుంది. ‘బ్యారెల్ ఇన్ని డాలర్లు’ అని హెడ్డింగు, దాని పక్కనే వరసగా పేర్చిన నీలం రంగు ఇనప డ్రమ్ముల ఫొటో. ఆ డ్రమ్ములో పట్టేది 200 లీటర్ల పైచిలుకు. మీ హెడ్డింగులో ఉన్న బ్యారెల్ 159 లీటర్లు. ఫొటోకీ హెడ్డింగుకీ సంబంధం లేదు. అసలు ముడి చమురును పీపాల్లో నింపి అమ్మడం ఎప్పుడో పోయింది. ఇప్పుడది పైపులో పారుతుంది, ఓడ కడుపులో ప్రయాణిస్తుంది, ట్యాంకులో దిగుతుంది. బ్యారెల్ మిగిలింది లెక్కల పుస్తకంలోనే.

నేను చాలా ఏళ్లు విశాఖలో చమురు ట్యాంకుల మీదకెక్కి డిప్ తీసిన, అంటే లోపల చమురు ఎంత లోతుందో కొలిచిన మనిషిని. కొలతల విషయంలో నాకు కొంచెం చాదస్తం ఉంది, ఒప్పుకుంటాను. కానీ మిమ్మల్ని అడిగేది పెద్దదేమీ కాదు. బ్యారెల్ అని రాసినప్పుడు అది ఎన్ని లీటర్లో, లీటరుకు రూపాయల్లో ఎంత పడిందో ఒక్క ముక్క రాయండి. ఒకే వార్తలో టన్నులు, బ్యారెళ్లు రెండూ వస్తే రెంటినీ ఒక కొలతలోకి మార్చి రాయండి. అంతే. ఇది ఎందుకు అవసరమో చెప్పాలంటే ఈ 159 అనే వింత అంకె ఎక్కడ పుట్టిందో చెప్పాలి. కొంచెం ఓపిక పట్టండి.

1859 ఆగస్టు 27న అమెరికాలోని పెన్సిల్వేనియాలో, టైటస్‌విల్ అనే ఊరి దగ్గర, ఎడ్విన్ డ్రేక్ తవ్విస్తున్న బావి అరవై తొమ్మిదిన్నర అడుగుల లోతుకు చేరింది. మర్నాడు చూస్తే గొట్టంలో చమురు తేలుతోంది. ఆ పక్కన పారే వాగు పేరే ఆయిల్ క్రీక్. చమురు దొరుకుతుందనే ఆశతో తవ్వారు సరే, దొరికాక దేంట్లో పోయాలన్నది ఎవరూ గట్టిగా ఆలోచించినట్టు లేదు. విస్కీ పీపాలు, ఉప్పు చేపల పీపాలు, బెల్లప్పాకం పీపాలు, టర్పెంటైన్ పీపాలు, ఏది దొరికితే దాంట్లో నింపారు. చుట్టుపక్కల బావుల సంఖ్య పెరిగేసరికి పీపాలకు కరువొచ్చింది. 1861 మొదట్లో 10 డాలర్లున్న పీపా చమురు ఆ ఏడాది చివరికి 10 సెంట్లకు పడిపోయింది. లోపలి సరుకు కంటే చుట్టూ ఉన్న చెక్కకే ఎక్కువ ఖరీదు.

ఇక్కడే అసలు తగువు. ధర ‘పీపాకి ఇంత’ అని. పీపాలేమో తలో సైజు. పైగా చాలాసార్లు పీపా తెచ్చుకునేది కొనేవాడే. పెద్ద పీపా తెచ్చినవాడు అదే డబ్బుకు ఎక్కువ చమురు పట్టుకుపోతాడు. న్యాయంగా మామూలు పీపా తెచ్చినవాడు నష్టపోతాడు. అమ్మేవాడికి ఎంత పోయిందో అతనికే తెలియదు. 1866 ఆగస్టులో ఆయిల్ క్రీక్ ఉత్పత్తిదారులు కూర్చుని ఒక తీర్మానం రాసుకున్నారు. దాని సారాంశం: పీపా సైజు చూడకుండా పీపాకింత అని అమ్మడం వల్ల కొనేవాళ్లకీ అమ్మేవాళ్లకీ ఇద్దరికీ చెడుపే, మామూలు పీపావాడు పెద్ద పీపావాడితో పోటీ పడలేకపోతున్నాడు, కాబట్టి ఇకమీదట పీపా లెక్కన అమ్మం, గ్యాలన్ల లెక్కనే అమ్ముతాం. చివర ఒక మాట చేర్చారు. ప్రతి 40 గ్యాలన్ల మీద కొనేవాడికి 2 గ్యాలన్లు వదిలేస్తాం.

మన సంతలో కూరగాయలు తూచాక పైన నాలుగు పచ్చిమిరపకాయలు వేయడం లాంటిదే ఇది. కొసరు. అయితే ఊరికే ఇచ్చింది కాదు. చెక్క పీపా కారుతుంది. ఎండకు చమురు ఆవిరవుతుంది. బురద దారిలో గుర్రపు బండి మీద కుదుపులకు పలకలు వదులవుతాయి. అడుగున మట్టి, నీళ్లు చేరతాయి. గమ్యం చేరేసరికి 40 గ్యాలన్లయినా మిగలాలి కదా, తీరా చేరాక తక్కువొచ్చిందని పేచీ పెట్టకుండా ముందే రెండు కలిపేశారు. 40 ప్లస్ 2, నలభై రెండు. 1872 నాటికి పెట్రోలియం ఉత్పత్తిదారుల సంఘం ఈ 42 గ్యాలన్లనే బ్యారెల్‌గా ఖాయం చేసింది.

గమనించారా? వాళ్లు తీర్మానించింది ‘ఇక పీపా లెక్క వద్దు’ అని. చివరికి మిగిలింది పీపానే. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే.

42 అనే అంకె మరీ గాల్లోంచి ఊడిపడింది కూడా కాదు. ఇంగ్లండులో పదిహేనో శతాబ్దం నాటికే ద్రాక్షసారా పీపాలకు ఒక వరస ఉండేది. అన్నిటికంటే పెద్దది 252 గ్యాలన్ల టన్, అందులో సగం 126 గ్యాలన్ల పైప్, దాంట్లో సగం 63 గ్యాలన్ల హాగ్స్‌హెడ్. పైప్‌లో మూడో వంతు 42 గ్యాలన్ల టియర్స్. మూడో రిచర్డ్ రాజు కాలంలో, 1483-84లో, వీటిని చట్టంలో రాశారు. ఆ టియర్స్ సైజు పీపాలో చేపలు, ఇతర సరుకులు కూడా రవాణా అయ్యేవి. అట్లాంటిక్ దాటి అమెరికా వలసల్లోకీ వచ్చింది. అంటే పెన్సిల్వేనియాలో పీపాలు కట్టే వడ్రంగులకు ఆ సైజు చేతి అలవాటే. దాంట్లో చమురు నింపితే సుమారు 300 పౌండ్లు, మన లెక్కలో 136 కిలోల దాకా తూగుతుంది. ఒక మనిషి పక్కకు వాల్చి దొర్లించగలిగే బరువుకు అది దాదాపు ఆఖరి హద్దు. అంతకంటే పెద్దదైతే ఒంటిచేత్తో కాదు, చిన్నదైతే బండి కిరాయి గిట్టుబాటు కాదు.

గ్యాలన్ కథ కూడా రెండు వాక్యాల్లో చెప్పేస్తాను. ఆన్ రాణి కాలంలో ఇంగ్లండులో ద్రాక్షసారా గ్యాలన్ అంటే 231 ఘనపుటంగుళాలని నిర్ణయించారు. అమెరికా స్వతంత్రం వచ్చాక కూడా దాన్నే ఉంచుకుంది. బ్రిటన్ మాత్రం 1824లో కొత్తగా, పెద్దగా, ఇంపీరియల్ గ్యాలన్ చేసుకుంది. అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లు, బ్రిటిష్ గ్యాలన్ 4.546 లీటర్లు. మన దేశంలో పెట్రోలు గ్యాలన్లలో పోసిన రోజుల్లో పోసింది బ్రిటిష్ గ్యాలనే. అందుకే మన పెద్దవాళ్లు చెప్పే ‘గ్యాలన్’ను 42తో గుణిస్తే బ్యారెల్ రాదు, 191 లీటర్లు వస్తాయి. ప్రపంచం లెక్కపెడుతున్నది అమెరికా గ్యాలన్లు కాబట్టి 158.987 లీటర్లు. మీరు 159 అని రాస్తే ఎవరూ తప్పు పట్టరు.

ఇంకో తమాషా చూడండి. 1866లో ఆ తీర్మానం రాసుకునేనాటికే పీపాకు కాలం చెల్లడం మొదలైంది. అంతకు ముందు ఏడాదే శామ్యూల్ వాన్ సికెల్ అనే చమురు వ్యాపారి పిట్‌హోల్ నుంచి రైలు మార్గం దాకా, అయిదు మైళ్లు, రెండంగుళాల గొట్టం వేశాడు. పీపాలు మోసి బతికే బండివాళ్లు కడుపుమండి ఆ గొట్టాన్ని చాలాచోట్ల పగలగొట్టారు. అయినా ఆగలేదు. అదే 1865లో డెన్స్‌మోర్ సోదరులు రైలు బండి చదును పెట్టె మీద రెండు చెక్క తొట్లు బిగించి చమురు పంపారు. 1878లో నోబెల్ సోదరుల ‘జొరాస్టర్’ ఓడ కాస్పియన్ సముద్రం మీద చమురును పీపాలు లేకుండా, నేరుగా ఓడలోని ట్యాంకుల్లో మోసింది. వస్తువు పోయింది, కొలత మిగిలిపోయింది.

మీ ఫొటోల్లోని ఇనప డ్రమ్ముది వేరే పుట్టుక. 1905లో అమెరికాలో ఒక ఉక్కు సామాన్ల కంపెనీకి దాని పేటెంటు వచ్చింది. ఆ కంపెనీ యజమానురాలు ఎలిజబెత్ కోక్రేన్ సీమన్. ఈ పేరు చెప్తే మీకు తెలియకపోవచ్చు. కలం పేరు నెల్లీ బ్లై. 1889-90లో 72 రోజుల్లో ప్రపంచం చుట్టొచ్చి వార్తలు పంపిన పాత్రికేయురాలు. మీ వృత్తి మనిషే. డ్రమ్ము 55 గ్యాలన్లు, ఆమెది. బ్యారెల్ 42 గ్యాలన్లు, టైటస్‌విల్ వాళ్లది.

మరి ప్రపంచమంతా ఈ పెన్సిల్వేనియా లెక్కను ఒప్పుకుందా అంటే, అప్పట్లో లేదు. రష్యాలో బాకు చమురును పూద్‌లలో తూచేవారు, ఒక పూద్ 16.38 కిలోలు. అంటే వాళ్లది మొదటినుంచీ బరువు లెక్కే, తర్వాత అది టన్నులైంది, ఈ రోజుకీ రష్యా తన ఉత్పత్తిని టన్నుల్లోనే చెబుతుంది. బ్రిటిష్ వాళ్లదీ టన్నే. 1933లో ఇరాన్‌తో ఆంగ్లో-పర్షియన్ కంపెనీ కొత్త ఒప్పందం రాసుకున్నప్పుడు రాయల్టీ టన్నుకు 4 షిల్లింగులు. అదే ఏడాది సౌదీ అరేబియా అమెరికన్ కంపెనీకి చమురు హక్కులిచ్చినప్పుడు కూడా రాయల్టీ టన్నుకు 4 బంగారు షిల్లింగులే. ఈ రోజు బ్యారెల్ అనగానే మనకు గుర్తొచ్చే సౌదీ అరేబియా మొదటి ఒప్పందంలో ఉన్నది టన్ను! అమెరికన్ కంపెనీలు అక్కడ పాతుకుపోయాక వాటి లెక్కల పుస్తకాలు బ్యారెళ్లలో నడిచాయి. ధరలు బ్యారెల్‌కు డాలర్లలో ప్రకటించడం రివాజైంది. 1960లో కంపెనీలు ఆ ప్రకటిత ధరను తమంతట తామే తగ్గించినందుకు కోపమొచ్చి బాగ్దాద్‌లో ఒపెక్ అనే ఎగుమతిదారుల సంఘం పెట్టుకున్న చమురు దేశాలు కూడా తమ పోరాటమంతా బ్యారెల్ భాషలోనే చేశాయి. 1973 అక్టోబరులో 3.01 డాలర్లున్న ధరను 5.12కు, 1974 జనవరి 1 నుంచి 11.65కు పెంచారు. ధర ఎవరు నిర్ణయించాలనే దాని మీద ప్రపంచం తలకిందులైంది గాని, ఏ కొలతలో నిర్ణయించాలన్నది ఎవరూ అడగలేదు.

1983 మార్చి 30న న్యూయార్క్ మర్కంటైల్ ఎక్స్ఛేంజ్ ముడి చమురు ఫ్యూచర్స్, అంటే ముందు తేదీ సరుకుకు ఇప్పుడే ధర కుదుర్చుకునే బేరాలు, మొదలుపెట్టింది. ఒక కాంట్రాక్టు అంటే 1,000 బ్యారెళ్లు, డెలివరీ ఓక్లహోమాలోని కుషింగ్ అనే ఊళ్లో. ఇక ఆ కొలత కదలకుండా బిగిసిపోయింది. 2018లో చైనా డాలర్‌కు పోటీగా షాంఘైలో యువాన్ ధరతో చమురు కాంట్రాక్టు తెచ్చింది. కరెన్సీ మార్చారు, 1,000 బ్యారెళ్లను ముట్టుకోలేదు. జపాన్ మాత్రం తన ఎక్స్ఛేంజీలో కిలోలీటరుకు యెన్‌లలో ధర చూపించింది. నార్వే ఘనపు మీటర్లలో ఉత్పత్తి లెక్క రాస్తుంది. అలాంటివాళ్లు కొద్దిమందే.

ఇప్పుడు మన సంగతి. మన దేశం రెండు పడవల మీద కాళ్లు పెట్టింది. కొనేటప్పుడు బ్యారెల్, లెక్క రాసేటప్పుడు టన్ను. పెట్రోలియం శాఖ నెలనెలా ఇచ్చే పట్టికల్లో ఉత్పత్తి, దిగుమతి టన్నుల్లో ఉంటాయి, ఇండియన్ బాస్కెట్ ధర, అంటే మన రిఫైనరీలు వాడే ముడి చమురు రకాల సగటు ధర, మాత్రం బ్యారెల్‌కు డాలర్లలో. రిఫైనరీల సామర్థ్యం ఏడాదికి ఇన్ని మిలియన్ టన్నులని చెబుతారు. రెండింటినీ కలిపే బాధ్యత ఎవరిదీ కాకుండా పోయింది. అది మీదని నా అభిప్రాయం.

ఉదాహరణకు 2022 జులై 1న కేంద్రం దేశంలో తీసే ముడి చమురు మీద విండ్‌ఫాల్ పన్ను (అనుకోకుండా వచ్చిపడిన లాభాల మీద పన్ను) వేసింది, టన్నుకు 23,250 రూపాయలు. ఆ వార్త రాసినచోటే, రెండు పేరాల కింద, ‘అంతర్జాతీయంగా బ్యారెల్ 100 డాలర్లు దాటింది’ అని రాసుంటారు. చదివేవాడికి ఏమర్థమవుతుంది? 23,250 అంటే ఎక్కువా తక్కువా? ఒక టన్ను సగటున 7.33 బ్యారెళ్లు. భాగిస్తే బ్యారెల్‌కు సుమారు 3,170 రూపాయలు. అప్పటి డాలరు 79 రూపాయల దగ్గర ఉంది. అంటే బ్యారెల్‌కు 40 డాలర్లు పన్ను. వంద పైచిలుకు డాలర్ల సరుకులో 40 డాలర్లు! అసలు వార్త అదీ. 2024 డిసెంబరులో ఆ పన్ను ఎత్తేసినప్పుడు కూడా చాలామంది పాఠకులకు పోయిందేమిటో తెలియలేదు.

మన ఊరి లెక్కే చూద్దాం. విశాఖలో కొండ కింద రాతి గుహల్లో వ్యూహాత్మక నిల్వ కోసం కట్టిన కేంద్రంలో 13.3 లక్షల టన్నులు పడుతుంది. బ్యారెళ్లలో దాదాపు 97 లక్షలు. విశాఖ, మంగళూరు, పాదూరు మూడూ కలిపితే 53.3 లక్షల టన్నులు, అంటే సుమారు 3.9 కోట్ల బ్యారెళ్లు. ‘దేశం రోజుకు ఇన్ని లక్షల బ్యారెళ్లు వాడుతోంది’ అనే వార్త పక్కన టన్నుల అంకె పెడితే ఎన్ని రోజులకు సరిపోతుందో పాఠకుడు ఊహించలేడు. బ్యారెళ్లు పెడితే వేళ్ల మీద లెక్క కట్టేస్తాడు.

ఇక్కడో చిట్కా, మా దగ్గర పాతవాళ్లు చెప్పేది: ఏడాదికి 50 టన్నులంటే రోజుకు ఒక బ్యారెల్. విశాఖ రిఫైనరీ విస్తరణ తర్వాత సామర్థ్యం ఏడాదికి కోటిన్నర టన్నులు. 50తో భాగించండి, రోజుకు 3 లక్షల బ్యారెళ్లు. కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. 1957లో కాల్టెక్స్ పేరుతో ఇక్కడ రిఫైనరీ మొదలైనప్పుడు 6.75 లక్షల టన్నులు, అంటే రోజుకు 13,500 బ్యారెళ్లు. తాటిపాక మినీ రిఫైనరీ ఏడాదికి 66 వేల టన్నులు, రోజుకు 1,300 బ్యారెళ్ల పైచిలుకు.

అయితే 7.33 అనేది సగటు మాత్రమే అని గుర్తుంచుకోండి. చమురు తేలికైతే టన్నుకు ఎక్కువ బ్యారెళ్లు, బరువైతే తక్కువ. తేలిక, బరువు చెప్పడానికి ఏపీఐ డిగ్రీలని ఒక కొలత ఉంది. అంకె పెరిగే కొద్దీ చమురు తేలిక, నీటికి 10. నలభై డిగ్రీల చమురు టన్నుకు 7.6 బ్యారెళ్లు వస్తుంది. ముప్ఫై మూడు డిగ్రీలైతే 7.3. ఇరవై రెండు డిగ్రీల చిక్కటి చమురు 6.8 దగ్గరే ఆగిపోతుంది. ఈ ఏపీఐ కొలతకూ ఒక పుట్టుమచ్చ ఉంది. పూర్వం బోమె అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పేరు మీద ఉన్న కొలతను వాడేవారు. అమెరికాలో దాని సూత్రంలో ఉండాల్సిన అంకె 140. తీరా చూస్తే చమురు వ్యాపారంలో తిరుగుతున్న హైడ్రోమీటర్లు (ద్రవంలో తేలించి సాంద్రత చూసే గొట్టాలు) 141.5తో తయారై ఉన్నాయి. అప్పటికే అవి ఎన్నో చేతుల్లో ఉన్నాయి, వెనక్కి తీసుకోవడం అయ్యే పని కాదు. 1921లో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఆ 141.5నే కొత్త కొలతగా ప్రకటించి ఊరుకుంది. తప్పును దిద్దలేక దానికి పేరు పెట్టి పీట వేశారన్నమాట. ఇవాళ కోట్ల డాలర్ల చమురు ధర దాని మీదే నిర్ణయమవుతోంది.

బ్యారెల్‌కు ఉష్ణోగ్రత కూడా ఉంటుందని చాలామందికి తెలియదు. చమురు వేడికి ఉబ్బుతుంది. డిగ్రీ సెల్సియస్‌కు వెయ్యికి 0.8 వంతు చొప్పున అనుకోండి. అందుకే వ్యాపారంలో బ్యారెల్ అంటే 60 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఉన్న 42 గ్యాలన్లు. మెట్రిక్ దేశాల్లో 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర లెక్క కడతారు. మీ వీధి చివర పెట్రోలు బంకులో ‘15 డిగ్రీల దగ్గర డెన్సిటీ ఇంత’ అని రాసి ఉంటుంది చూడండి, అదే లెక్క. మన ఊళ్లో 15 డిగ్రీలు ఎప్పుడు చూశాం గనక! ఇరవై లక్షల బ్యారెళ్లు మోసే పెద్ద ట్యాంకర్ 35 డిగ్రీల వేడితో వచ్చిందనుకోండి. 20 డిగ్రీల తేడాకు 1.6 శాతం, అంటే 32 వేల బ్యారెళ్లు వట్టి ఉబ్బు. బ్యారెల్ 70 డాలర్లనుకుంటే 22 లక్షల డాలర్లకు పైగా. ఈ ఉబ్బును తీసేసి లెక్క కట్టకపోతే ఓడ దిగకముందే కోర్టుకెక్కుతారు.

అందుకే మా పని అంత నెమ్మదిగా ఉండేది. ట్యాంకు పైకెక్కి, మూత తీసి, ఇత్తడి గుండు కట్టిన టేపును లోపలికి వదులుతాం. టేపు మీద ముందే పేస్టు రాస్తే చమురు ఎక్కడిదాకా తగిలిందో గీత స్పష్టంగా పడుతుంది. అడుగున నీళ్లున్నాయేమో తెలియడానికి ఇంకో రకం పేస్టు, నీరు తగిలినంత మేర రంగు మారుతుంది. గుండు అడుగుకు తగిలిందని చేతికి తెలియాలి. టేపు వాలిపోతే అంకె ఎక్కువొస్తుంది, గాల్లో వేలాడితే తక్కువ. తీసి చూసి, తుడిచి, మళ్లీ వదులుతాం, రెండు రీడింగులూ కలిసేదాకా. తర్వాత పైన, మధ్యలో, అడుగున ఉష్ణోగ్రత. శాంపిల్ తీసి హైడ్రోమీటరు. అప్పుడు ట్యాంకు పట్టిక తెరిచి ఇన్ని మిల్లీమీటర్లకు ఇన్ని లీటర్లని చూడటం. 80 మీటర్ల వ్యాసం ఉన్న ట్యాంకులో ఒక్క మిల్లీమీటరు తేడా అంటే 5,000 లీటర్లు, 31 బ్యారెళ్లు. ఓడలోనైతే తిరగేసి చేస్తాం, చమురు ఎంతుందో కాదు, పైన ఖాళీ ఎంతుందో కొలుస్తాం. ఇదంతా అయ్యాక నీళ్లు, మడ్డి తీసివేసి, 60 డిగ్రీల ఫారన్‌హీట్ లెక్కకు దించితే అప్పుడు వచ్చేది మీరు హెడ్డింగులో రాసే బ్యారెల్.

ఈ కొలతను ఎవరూ కంటితో చూడకపోయినా దాని దెబ్బ మనవాళ్లకు తగిలింది. 2020 ఏప్రిల్ 20న అమెరికా చమురు ఫ్యూచర్స్ ధర మైనస్ 37.63 డాలర్లకు పడిపోయింది. కుషింగ్‌లో నిల్వకు చోటు లేక, కొన్నవాడు ఎదురు డబ్బిచ్చి వదిలించుకున్నాడు. లాక్‌డౌన్ వల్ల మన ఎంసీఎక్స్ (మల్టీ కమోడిటీ ఎక్స్ఛేంజ్)లో ట్రేడింగ్ సాయంత్రం 5కే ఆగిపోయింది. పతనం జరిగింది మన రాత్రి. అక్కడి ధరకు ముడిపడి ఉండటంతో ఇక్కడి సెటిల్‌మెంట్ బ్యారెల్‌కు మైనస్ 2,884 రూపాయలుగా తేలింది. ఎంసీఎక్స్‌లో ఒక లాట్ 100 బ్యారెళ్లు. ధర సున్నాకు పడిపోతే పోయేది పెట్టిన డబ్బే అనుకుని కొన్నవాళ్లు, అది పోయాక లాట్‌కు ఇంకో 2,88,400 రూపాయలు ఎదురు కట్టాల్సొచ్చింది. కుషింగ్ అంటే ఏమిటో, లాట్ అంటే ఎంతో అంతకు ముందు తెలుగులో ఎవరైనా విడమరిచి రాశారా అని అప్పట్లో వెతికాను. నాకు కనబడలేదు.

లీటరు లెక్క విషయంలో మాత్రం ఒక జాగ్రత్త. బ్యారెల్ 70 డాలర్లు, డాలరు 85 రూపాయలు అనుకుంటే, 5,950ని 159తో భాగిస్తే లీటరు ముడి చమురు 37 రూపాయల చిల్లర. ఈ అంకె వేసి ‘మరి పెట్రోలు వంద పైన ఎందుకు’ అనే వాట్సాప్ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. ముడి చమురు లీటరూ పెట్రోలు లీటరూ ఒకటి కాదని, మధ్యలో రవాణా, శుద్ధి, డీలరు కమీషన్, కేంద్ర రాష్ట్ర పన్నులు ఉన్నాయని కలిపి రాయండి. ఏ వాటా ఎంతో అంకెలతో రాస్తే ఇంకా మంచిది. ప్రభుత్వాలను నిలదీయదలిస్తే సరైన లెక్కతోనే నిలదీయొచ్చు, దానికి అరకొర భాగహారం అక్కర్లేదు. ఇంకో మాట, అమెరికా రిఫైనరీల సగటు చూస్తే 42 గ్యాలన్ల ముడి చమురు నుంచి సుమారు 45 గ్యాలన్ల ఉత్పత్తులు బయటికొస్తాయి. మాయ కాదు. బరువైన అణువులను విడగొట్టి తేలిక సరుకు చేస్తారు కాబట్టి ఘనపరిమాణం పెరుగుతుంది, బరువు పెరగదు. టన్నుల్లో లెక్క రాసేవాళ్లకు ఈ తమాషా కనిపించనే కనిపించదు.

ఆఖరుగా సబ్ ఎడిటర్ల కోసం. అమెరికన్ చమురు పట్టికల్లో బ్యారెల్ ముందు ఒక్క ‘ఎం’ ఉంటే వేలు, రెండు ‘ఎం’లుంటే మిలియన్లు. అది రోమన్ అంకెల అలవాటు. అంతర్జాతీయ ఇంధన సంస్థ నివేదికల్లో మాత్రం చిన్న ‘ఎం’ ఒక్కటే ఉన్నా మిలియనే. ఏజెన్సీ కాపీని తెలుగు చేసేటప్పుడు ఆ అక్షరం ఎవరి పట్టికలోదో చూసి మరీ లక్షల్లోకి మార్చండి. లేకపోతే మన కేజీ బేసిన్‌లో ఒక బావి సౌదీ అరేబియా అంత చమురు ఇస్తున్నట్టు అచ్చవుతుంది. ఉత్పత్తి వార్తల్లో ‘రోజుకు’ అనే మాట కూడా వదలొద్దు. బ్యారెళ్లకు రోజు లెక్క, టన్నులకు ఏడాది లెక్క, అదీ రివాజు.

లెక్కల్లో ఎక్కడైనా అనుమానం వస్తే నాకు రాయండి, రిటైరైన మనిషిని, తీరిక ఉంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశాఖపట్నం